విక్టోరియా కాలపు మిల్లులు ఎందుకు కూలాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

పారిశ్రామిక విప్లవం అనగానే మన పాఠ్యపుస్తకాల్లో జేమ్స్ వాట్, ఆవిరి యంత్రం, నూలు వడికే జెన్నీ వరసగా వచ్చేస్తాయి. నాలుగు మార్కులకు అవి చాలు. ఆ యంత్రాలను మోసిన భవనాలు ఎలా నిలబడ్డాయి, ఎక్కడ నిలబడలేకపోయాయి, లోపల ఉన్నవాళ్లు ఏమయ్యారు అన్నవి సిలబస్‌లో ఉండవు. ఈ విషయం మాట్లాడినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఎక్కువ భాగం ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని నూలు, ఉన్ని మిల్లుల గురించే. కథ జరిగింది అక్కడే మరి.

విక్టోరియా కాలం అంటే ఎప్పటి నుంచి ఎప్పటి వరకు?

విక్టోరియా రాణి గద్దెనెక్కిన 1837 జూన్ 20 నుంచి ఆమె మరణించిన 1901 జనవరి 22 వరకు. మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన 1847–52 సంవత్సరాలు ఈ కాలంలోనివే.

మిల్లులను అన్నేసి అంతస్తులు ఎందుకు కట్టారు? నేల కరువా?

పట్టణాల్లో నేల ఖరీదే, కానీ అసలు కారణం శక్తి. మిల్లంతటికీ ఒకే ఆవిరి యంత్రం. దాని నుంచి ఒక ఇరుసు నిలువుగా పై అంతస్తు దాకా పోయేది. ప్రతి అంతస్తులో కప్పు కింద పొడవునా అడ్డ ఇరుసులు తిరిగేవి. వాటి మీది కప్పీల నుంచి తోలు బెల్టులు కిందికి దిగి ఒక్కో యంత్రాన్ని తిప్పేవి. కరెంటు మోటారు లేని రోజులవి. ఇరుసుల మీద శక్తిని ఎంత దూరం మోసుకుపోతే అంత వృథా. అందుకే యంత్రాలను ఆవిరి యంత్రానికి దగ్గరగా, ఒకదాని నెత్తిన ఒకటి పేర్చారు. వెలుతురు కిటికీల నుంచే రావాలి కనుక భవనం వెడల్పు తక్కువ, పొడవూ ఎత్తూ ఎక్కువ.

మరమగ్గాలను మాత్రం సాధారణంగా పై అంతస్తుల్లో పెట్టేవారు కాదు. వందల మగ్గాలు ఒకేసారి కొట్టుకుంటుంటే ఆ అదురుకు అంతస్తు తట్టుకోదని తొందరలోనే తెలిసింది. వాటికి రంపపు పళ్లలాంటి పైకప్పులున్న నేల మీది షెడ్లు వేశారు. అంటే బరువు, అదురు భవనాన్ని ఏమి చేస్తాయో ఆ కాలపు మిల్లు యజమానులకు తెలియని విషయమేమీ కాదు. కింద వచ్చే ఉదంతాలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇనుప దూలాలతో కట్టిన భవనం ఎలా కూలుతుంది?

అందరూ ఆశ్చర్యపోయే ప్రశ్న ఇదే. ముందు ఇనుము ఎందుకు వచ్చిందో చూద్దాం. తొలినాళ్ల మిల్లుల్లో దూలాలు, నేల అంతా కొయ్యే. ఆ కొయ్యలో యంత్రాల నూనె ఏళ్ల తరబడి ఇంకేది. గాలి నిండా దూది నలుసులు, దీపాలేమో మంటవి. మిల్లు అంటుకుంటే గంటల్లో బూడిదే. అందుకని 1797లో ష్రూస్‌బరీ దగ్గర డిథరింగ్టన్‌లో చార్లెస్ బేజ్ అనే ఆయన అవిసెనార మిల్లు ఒకటి ఇనుప స్తంభాలు, ఇనుప దూలాలతో కట్టాడు. ఇనుప చట్రంతో కట్టిన భవనాల్లో ప్రపంచంలో అదే మొదటిది. దూలానికీ దూలానికీ మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమానులు కట్టి, వాటి మీద గచ్చు వేశారు. కాలడానికి కొయ్య లేదు కనుక దీనికి అగ్నిరక్షిత మిల్లు అని పేరు వచ్చింది.

అయితే అది పోత ఇనుము. తేడా తెలియాలంటే మీ వంటింట్లోకి వెళ్లండి. పాతకాలపు పోత దోసె పెనం బండ మీద పడితే పెళుక్కున రెండు ముక్కలవుతుంది. చేత ఇనుముతో చేసిన గరిటె పడితే మహా అయితే వంగుతుంది. పోత ఇనుము అణిచే బరువును బ్రహ్మాండంగా మోస్తుంది కాబట్టి స్తంభానికి మంచిదే. సాగదీస్తే మాత్రం తట్టుకోదు. దూలం మీద బరువు పడినప్పుడు దాని పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది. మాంచెస్టర్‌కు చెందిన ఈటన్ హాడ్జ్‌కిన్సన్ 1830 ప్రాంతంలో దూలాలను విరగ్గొట్టి మరీ చూసి, కింది పట్టీలో పై పట్టీకంటే దాదాపు ఆరు రెట్లు లోహం ఉండాలని తేల్చాడు. ఆ లెక్క అందుబాటులోకి వచ్చాక కూడా చాలామంది అలవాటు కొద్దీ, అంచనా కొద్దీ దూలాలు పోయించారు.

పోత ఇనుముతో ఉన్న అసలు భయం అది హెచ్చరించకపోవడం. కొయ్య దూలం విరిగే ముందు కిర్రుమంటుంది, వంగుతుంది, పారిపోయే వ్యవధి ఇస్తుంది. పోత దూలం నిన్నటిలాగే ఉండి, ఉన్నట్టుండి రెండవుతుంది. దీనికి తోడు ఇటుక కమానులు పక్కలకు తోస్తాయి. ఈ కమాను తోపుడును ఆ కమాను ఆపుతుంది, దాన్ని ఆ పక్కది. రద్దీ బస్సులో ఒకరి భుజం మీద ఒకరు ఆనుకుని నిలబడ్డట్టు. ఒక దూలం పోయిందంటే ఆ వరస మొత్తం ఒరుగుతుంది. పై అంతస్తు విరిగితే ఆ ఇటుకలూ యంత్రాలూ కింది అంతస్తు మీద పడతాయి, అది దాని కింది దాని మీద.

అలా నిజంగా కూలిన మిల్లు ఏది?

ఓల్డ్‌హామ్‌లో రాడ్‌క్లిఫ్ కుటుంబానికి చెందిన నూలు మిల్లు. 1844 అక్టోబరు 31న కూలింది. 20 మంది చనిపోయారు. పైన చెప్పిన వరసలోనే, పైన మొదలై కింది దాకా వచ్చింది. ప్రభుత్వం ఇద్దరిని విచారణకు పంపింది: ఒకరు భూగర్భ శాస్త్రవేత్త సర్ హెన్రీ డి లా బీష్, మరొకరు లండన్‌లో పేరుమోసిన భవన నిర్మాత థామస్ క్యూబిట్. వాళ్ల నివేదిక 1845లో వచ్చింది. మోయాల్సిన బరువుకు దూలాలు చాలవన్నదే అందులోని సారాంశం.

రెండేళ్లు తిరిగేసరికి, 1847 మేలో, చెస్టర్ దగ్గర డీ నది మీద రైలు వంతెన పోత దూలం విరిగి ఐదుగురు పోయారు. ఆ వంతెన రూపకర్త రాబర్ట్ స్టీఫెన్‌సన్, అంటే దేశంలోకెల్లా పేరున్న ఇంజనీరు. రైలు నిర్మాణాల్లో ఇనుము వాడకంపై రాయల్ కమిషన్, అంటే రాణి పేరిట వేసే పెద్ద స్థాయి విచారణ సంఘం, అప్పుడు వేశారు. మిల్లులో 20 మంది పోయినప్పుడు ఇద్దరు మనుషుల విచారణ, రైలుకు ఐదుగురు పోతే రాయల్ కమిషన్! రైల్లో ఎక్కేవాళ్లలో పార్లమెంటు సభ్యులు కూడా ఉంటారు కదా అని నాకు అనిపిస్తుంది. ఇది నా అనుమానం మాత్రమే.

పెంబర్టన్ మిల్లు పేరు ఎక్కువగా వినబడుతుంది. అది ఇంగ్లండులోదేనా?

కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలోది. కాలం మాత్రం అదే: 1860 జనవరి 10. అయిదంతస్తుల భవనం, కట్టి ఏడేళ్లే అయింది. సాయంత్రం అయిదు కాబోతుండగా కొద్ది క్షణాల్లో కుప్పకూలింది.

కారణం స్తంభాల్లో ఉంది. బోలు స్తంభాన్ని పోత పోసేటప్పుడు అచ్చు మధ్యలో ఇసుక, బంకమట్టి కలిపి చేసిన ఒక కడ్డీని పెడతారు. దాని చుట్టూ కరిగిన ఇనుము చేరి, చల్లారాక ఆ మట్టిని తవ్వి తీసేస్తే బోలు గొట్టం మిగులుతుంది. అచ్చును పడుకోబెట్టి పోసినప్పుడు, ఇనుముకంటే తేలికైన ఆ మట్టి కడ్డీ నీళ్లలో బెండులా పైకి తేలుతుంది. దాన్ని గట్టిగా బిగించి పెట్టకపోతే గొట్టానికి కింది వైపు గోడ మందంగా, పై వైపు గోడ బాగా పలచగా వస్తుంది. బయటి నుంచి చూస్తే స్తంభం గుండ్రంగా, నున్నగా, రంగు వేసి ముచ్చటగానే ఉంటుంది. పెంబర్టన్ శిథిలాల్లో దొరికిన స్తంభాలు అలాంటివే. పైగా మిల్లు చేతులు మారాక కొత్త యజమానులు పై అంతస్తుల్లో మరిన్ని బరువైన యంత్రాలు పెట్టించారు.

కూలిన చోట బతికి ఉన్నవాళ్లను రాత్రి లాంతర్లు పట్టుకుని వెలికి తీస్తుండగా ఒక దీపం పగిలి నూనె మరకల దూదికి నిప్పంటుకుంది. శిథిలాల కింద నుంచి మాట్లాడుతున్న మనుషులు, ఆదుకోవడానికి వచ్చినవాళ్ల కళ్లెదుటే కాలిపోయారు. చనిపోయినవాళ్ల లెక్క 88 నుంచి 145 దాకా రకరకాలుగా చెబుతారు. వాళ్లలో ఐర్లండు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఆడపిల్లలు ఎందరో.

బ్రాడ్‌ఫర్డ్ పొగగొట్టం సంగతి ఏమిటి?

నన్ను ఎక్కువగా వెంటాడేది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని పట్టణం. అక్కడ సర్ హెన్రీ రిప్లీ అనే సంపన్నుడు న్యూలండ్స్ మిల్లు కట్టించాడు. కింద ఆవిరి శక్తి ఆయనది. గదులనూ శక్తినీ కలిపి చిన్న చిన్న కంపెనీలకు అద్దెకిచ్చేవాడు. 1862–63లో అక్కడ 255 అడుగుల పొగగొట్టం లేపారు. కింద పాత బొగ్గు తవ్వకాలున్న నేల. కడుతుండగానే గొట్టం ఒక పక్కకు ఒరిగింది. అప్పుడు ఏం చేశారో చూడండి: ఒరిగిన వైపుకు ఎదురు వైపున కొంత రాతి కట్టడాన్ని కోసి తీసేసి, గొట్టం తన బరువుతో తానే నిటారుగా కూర్చునేలా చేశారు. ఆ రోజుల్లో ఇది తెలిసిన విద్యే, చాలా గొట్టాలకు చేశారు. కానీ కోసిన చోట బరువు అన్ని వైపులా సమానంగా పడకపోతే పై పొర నలగడం మొదలవుతుంది.

ఇరవై ఏళ్లు నిలిచింది. 1882 చివర్లో గొట్టం మీద ఉబ్బు కనబడింది. రాతి పెచ్చులు ఊడి కింద పడ్డాయి. మరమ్మతు మొదలుపెట్టారు, కానీ మిల్లును ఆపలేదు. క్రిస్మస్ సెలవులు వచ్చాయి, పోయాయి. డిసెంబరు 28, గురువారం. పొద్దున గాలి బలంగా వీస్తోంది. ఎనిమిది దాటాక టిఫిను విరామంలో, ఇళ్లు దగ్గరున్నవాళ్లు తినడానికి బయటికి వెళ్లారు. దూరం నుంచి వచ్చినవాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, బయట చలికి భయపడి లోపలే కూర్చున్నారు. గొట్టం మిల్లు మీదికి విరుచుకుపడింది. 54 మంది చనిపోయారు. ఇంటికి వెళ్లి తిని రావడం, తెచ్చుకున్నది అక్కడే తినడం: బతుకూ చావూ ఆ పొద్దున ఇంత చిన్న విషయం మీద ఆధారపడ్డాయి.

అసహజ మరణాలపై విచారణ జరిపే అధికారి కరోనర్ ఎదుట విచారణ జరిగింది. పునాది బాగానే ఉందని, కూలడానికి కొంత కారణం ఆ కోతేనని, గాలి దానికి తోడైందని జూరీ అంది. మరమ్మతు జరిగేటప్పుడు పని ఆపకపోవడం విచారకరమంది. ఆ వెంటనే, ఇంజనీర్లు కాని యజమానులు చేయగలిగినంతా చేశారు కనుక వాళ్ల తప్పేమీ లేదని, ఇది ప్రమాదవశాత్తు జరిగిన మరణమని తీర్పు చెప్పింది. కట్టించిన రిప్లీ అప్పటికి లేడు. గొట్టం పడడానికి ఏడు వారాల ముందు, నవంబరులో, చనిపోయాడు.

పెచ్చులు ఊడి పడుతున్న సంగతి లోపల పనిచేసే పిల్లలకు సైతం తెలుసు. తెలిసినవాళ్ల చేతిలో మిల్లు ఆపే అధికారం లేదు. అధికారం ఉన్నవాళ్లు ఆ గొట్టం నీడలో కూర్చుని తినలేదు.

అంత పొడవు గొట్టాలు అవసరమా?

అవసరమే. ఎత్తు పెరిగేకొద్దీ కొలిమిలోకి గాలి బాగా లాగుతుంది, పొగ ఊరి మీద నుంచి దూరంగా పోతుంది. కొంత గొప్ప కోసం కూడా. డార్వెన్‌లో 1867లో పూర్తయిన ఇండియా మిల్లు గొట్టం 303 అడుగులు, ఇటలీ గంటా గోపురంలా తీర్చిదిద్దారు. పేరులో మాత్రమే మన దేశం. అది ఇప్పటికీ నిలబడే ఉంది.

బాయిలర్లు పేలేవా?

తరచుగా. నీటి మట్టం పడిపోయినా, లోపల సున్నపు పెచ్చు గట్టిపడినా, రేకు తుప్పుపట్టినా పేలుడే. ఆవిరి ఎక్కువైతే విడిచిపెట్టే సేఫ్టీ వాల్వు ఉండేది. కానీ అది అస్తమానం తెరుచుకుంటే ఉత్పత్తి తగ్గుతుందని దాని మీద అదనపు బరువు కట్టి మూసేసే ఘనులు ఉండేవారు. మన ప్రెషర్ కుక్కర్ వెయిటు మీద రోకలి పెట్టినట్టు.

ఇక్కడ మాత్రం ఒక మంచి పని యజమానుల వైపు నుంచే జరిగింది. ఇంజనీరు విలియం ఫెయిర్‌బెర్న్ వంటివారు చొరవ తీసుకుని 1854లో మాంచెస్టర్‌లో ఒక సంఘం పెట్టి, సభ్యుల బాయిలర్లను క్రమం తప్పకుండా తనిఖీ చేయించారు. చట్టం వచ్చి ప్రతి పేలుడుకూ విచారణ జరపాలన్నది ఆ తర్వాత 28 ఏళ్లకు, 1882లో.

భవనాలు కూలడం వల్లే ఎక్కువమంది చనిపోయారా?

లేదు. కూలడం పత్రికల్లో పడుతుంది, స్మారకం కడతారు. రోజువారీగా మనుషులను తిన్నవి ఇరుసులు, బెల్టులు, పళ్ల చక్రాలు. ఒక్కొక్కరుగా, ఒక్కో వేలుగా.

మా ఊళ్లో పిండిమర ఉండేది. గోధుమల డబ్బా పట్టుకుని వెళ్లినప్పుడల్లా మా అమ్మ నా భుజం పట్టుకుని గోడ వైపు లాగేది, తన పైటను బొడ్లో దోపుకునేది. అటు పక్క వెడల్పాటి బెల్టు పటపటలాడుతూ తిరిగేది. దానికి కంచె లేదు, ఒక కొయ్య స్టూలు అడ్డం పెట్టి ఉండేది, అంతే. ఒకే బెల్టుకు అంత జాగ్రత్త. విక్టోరియా కాలపు మిల్లులో ఒక్కో హాలులో అలాంటివి డజన్లు, వాటి మధ్య ఇరుకు సందుల్లో పొడవు గౌన్లు, జడలు, కండువాలతో రోజంతా నడిచే మనుషులు.

కప్పు దగ్గరి ఇరుసు మనిషికి అందదు కదా అని యజమానులు వాదించేవారు. జారిపోయిన బెల్టును మళ్లీ ఎక్కించడానికి, నూనె పోయడానికి నిచ్చెన వేసుకుని అక్కడికే ఎక్కాలి. యంత్రం ఆపితే హాలంతా ఆగుతుంది కాబట్టి తిరుగుతుండగానే ఎక్కించేవారు. చొక్కా అంచు ఒక్కసారి ఇరుసుకు చుట్టుకుంటే మనిషిని కప్పుకేసి గిరగిరా తిప్పేసేది.

పిల్లలు ఏ పని చేసేవారు?

నూలు వడికే మ్యూల్ యంత్రం దగ్గర ఎక్కువగా. జెన్నీ, వాటర్ ఫ్రేమ్ అనే రెండు యంత్రాల లక్షణాలు కలిపి పుట్టించింది కనుక దానికి కంచరగాడిద పేరు పెట్టారు. దాని ముందు భాగం చక్రాల మీద దాదాపు అయిదడుగులు బయటికి వచ్చి, పోగును లాగి మెలిపెట్టి, మళ్లీ లోపలికి పోతుంది. తెగిన పోగులు అతకడం కొంచెం పెద్ద పిల్లల పని. అన్నిటికంటే చిన్నవాళ్లది యంత్రం కిందికి దూరి దూది ఊడ్చడం. బండి బయటికి వచ్చినప్పుడు దూరాలి, అది వెనక్కి పోయేలోగా నేలకు అతుక్కుని పడుకోవాలి లేదా బయటపడాలి. తల ఎత్తితే అయిపోయినట్టే. ఇది నిమిషానికి కొన్నిసార్లు, రోజంతా.

1833 చట్టం పట్టు మిల్లులు మినహా బట్టల మిల్లుల్లో 9 ఏళ్లలోపు పిల్లలను నిషేధించింది. 9 నుంచి 13 ఏళ్ల మధ్యవాళ్లకు వారానికి 48 గంటలు. మరి వయసు ఎలా తెలుస్తుంది? ఇంగ్లండులో ప్రభుత్వం జననాలు నమోదు చేయడం మొదలుపెట్టిందే 1837లో. అప్పటిదాకా డాక్టరు పిల్లను ఎగాదిగా చూసి, తొమ్మిదేళ్లదానిలా ఉందని రాసిస్తే చాలు. కూలి అవసరమైన తల్లిదండ్రులు, పని అవసరమైన యజమాని, రుసుము తీసుకున్న డాక్టరు. ముగ్గురికీ పిల్ల తొమ్మిదేళ్లదిలాగే కనిపించేది.

1844 చట్టంలో రెండు ముఖ్యమైన సంగతులు ఉన్నాయి. ప్రమాదకరమైన యంత్ర భాగాలకు కంచె వేయాలి. తిరుగుతున్న ఇరుసులను, చక్రాలను పిల్లల చేత తుడిపించకూడదు. అదే చట్టం పని వయసును మాత్రం 9 నుంచి 8కి దించి, పూట పని, పూట బడి అన్న పద్ధతి పెట్టింది. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడం అంటే ఇదే.

కంటికి కనబడని ప్రమాదాలు?

వాటికి అంతు లేదు. దూది నలుసు ఏళ్ల తరబడి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యేవి. మగ్గాల షెడ్డులో హోరుకు చెవులు పోయేవి. ఇంగ్లండు ఉత్తరాన నూలు మిల్లులకు పేరుపడ్డ లాంకషైర్ నేతగత్తెలు పెదవుల కదలికతోనే మాట్లాడుకునేవారు, ఇళ్లకు వెళ్లినా ఆ అలవాటు పోయేది కాదు. మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలో కొత్త నూలు కండె పెట్టినప్పుడు పోగును దాని కంట్లోంచి బయటికి లాగాలి. అందుకు నాడెకు నోరు పెట్టి గట్టిగా పీల్చేవారు. దాన్ని నాడెకు ముద్దు పెట్టడం అనేవారు. ఒకే నాడెకు నలుగురైదుగురి నోళ్లు. ఇక జబ్బులు అంటుకోవడానికి వేరే దారి కావాలా?

బ్రాడ్‌ఫర్డ్‌లో పరదేశపు ఉన్ని మూటలు విప్పి వేరుచేసేవాళ్లు పొద్దున బాగుండి, రెండు మూడు రోజుల్లో చనిపోయేవారు. అది మన రైతులు దొమ్మ రోగం అనే ఆంత్రాక్సేనని అక్కడి డాక్టరు జాన్ హెన్రీ బెల్ 1880 ప్రాంతంలో నిరూపించాడు.

అగ్గిపెట్టెల పరిశ్రమలో తెల్ల భాస్వరం ఆవిరికి దవడ ఎముక కుళ్లిపోయేది. లండన్‌లోని బ్రయంట్ అండ్ మే ఫ్యాక్టరీలో 1888 జూలైలో దాదాపు 1,400 మంది ఆడవాళ్లు, అమ్మాయిలు సమ్మె చేశారు. అక్కడి పరిస్థితులను కొద్ది రోజుల ముందు పత్రికకెక్కించిన ఆవిడ అనీబిసెంట్. అవును, మన అనీబిసెంటే. తర్వాత మద్రాసు అడయారుకు వచ్చి, 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టిన ఆవిడే. ఆ కాలేజీలో చదివినవాళ్లకు కూడా ఆమె జీవితంలోని ఈ లండన్ అధ్యాయం తెలియకపోవడం నేను చాలాసార్లు చూశాను. తెల్ల భాస్వరంపై బ్రిటన్‌లో నిషేధం 1908 చట్టంతో వచ్చి, 1910లో అమలైంది. సమ్మె జరిగిన 22 ఏళ్లకు.

చెయ్యి పోతే, మనిషి పోతే నష్టపరిహారం వచ్చేదా?

చాలాకాలం వరకు దయాధర్మమే. విక్టోరియా గద్దెనెక్కిన 1837లోనే ప్రీస్ట్‌లీ, ఫౌలర్ కేసు వచ్చింది. ఒక మాంసం కొట్టు కుర్రాడు, బరువు ఎక్కువ వేసిన బండి విరిగి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. యజమాని బాధ్యత లేదని కోర్టు అంది. దీని నుంచి ఒక సూత్రం పెరిగింది: ప్రమాదానికి తోటి పనివాడి తప్పు కారణమైతే యజమానిని అడగకూడదు, ఆ ముప్పుకు ఒప్పుకునే నువ్వు పనిలో చేరావు అని. వందలమంది పనిచేసే మిల్లులో ఏ ప్రమాదానికైనా ఎవరో ఒక తోటి పనివాణ్ణి చూపించడం ఎంతసేపు?

1846 చట్టంతో చనిపోయినవాడి కుటుంబం దావా వేయగలిగింది. దాని నమూనాలోనే మన దేశంలో 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. 1880 చట్టం తోటి పనివాడి సూత్రాన్ని కొంత సడలించింది. కానీ ఆ హక్కు వదులుకుంటున్నట్టు ముందే ఒప్పందం రాయించుకునే దారిని మూయలేదు. 1897 చట్టమే అసలు మలుపు. తప్పు ఎవరిదని అడగకుండా, పనిలో ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వాలంది. మరణిస్తే మూడేళ్ల కూలి. 150 పౌండ్లకు తగ్గకుండా, 300 దాటకుండా.

తనిఖీ అధికారులు లేరా?

1833లో దేశం మొత్తానికి నలుగురిని వేశారు. నలుగురే. వాళ్లలో లెనార్డ్ హార్నర్ పాతికేళ్లకు పైగా యజమానులతో తగువు పడుతూ పనిచేశాడు. కప్పు దగ్గరి ఇరుసులకు కూడా కంచె వేయాల్సిందేనని తనిఖీ అధికారులు పట్టుబట్టినప్పుడు, యజమానులు 1855లో మాంచెస్టర్‌లో సంఘం కట్టి పోరాడారు. 1856లో పార్లమెంటు ఆ నిబంధనను సడలించింది కూడా. ఆడవాళ్లు తనిఖీ అధికారులుగా రావడానికి 1893 దాకా ఆగాల్సి వచ్చింది, అప్పటికి దశాబ్దాలుగా మిల్లుల నిండా ఆడవాళ్లే ఉన్నా.

ఏదైనా ప్రమాదం వల్ల వెంటనే చట్టం మారిన సందర్భం ఉందా?

ఒకటి ఉంది, అయితే అది గని. 1862 జనవరి 16న నార్తంబర్లండ్‌లోని హార్ట్‌లీ బొగ్గుగనిలో నీళ్లు తోడే యంత్రపు భారీ దూలం విరిగింది. అదీ పోత ఇనుమే. ఇరవై టన్నులకు పైబడిన ముక్క గని నోట్లో పడింది. ఆ గనికి ఉన్నది ఒక్కటే దారి. 204 మంది మగవాళ్లు, పిల్లలు చనిపోయారు. లోపల ఉన్నవాళ్లను చేరడానికి రోజులు పట్టింది, అప్పటికి ఎవరూ మిగలలేదు. అదే ఏడాది, గనికి కనీసం రెండు దారులుండాలని చట్టం వచ్చింది. మన బొగ్గుగనుల నిబంధనల్లోనూ ఆ సూత్రం ఉంది. సింగరేణి గనుల్లో పనిచేసినవాళ్లకు రెండో దారి ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఈ చట్టాలు భారతదేశానికి వచ్చాయా?

1881లో, లార్డ్ రిప్పన్ వైస్రాయిగా ఉండగా, మొదటి ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. 7 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు, 7 నుంచి 12 ఏళ్ల వాళ్లకు రోజుకు 9 గంటలు మించకూడదు. అది కూడా ఆవిరి వంటి శక్తితో నడుస్తూ, 100 మందికి తగ్గకుండా పనివాళ్లున్న చోట్ల మాత్రమే. దీని వెనక దయ ఎంత, బొంబాయి మిల్లుల పోటీకి కళ్లెం వేయాలన్న లాంకషైర్ యజమానుల ఒత్తిడి ఎంత అన్నది అప్పట్లోనే చర్చనీయాంశం. రెండూ ఉన్నాయని నా అభిప్రాయం. ఏ ఉద్దేశంతో వచ్చినా, ఏడేళ్ల పిల్లకు పని గంటలు తగ్గడం తగ్గడమే. 1891లో ఆ వయసును 9కి పెంచారు.

స్వతంత్రం వచ్చాక చేసిన 1948 ఫ్యాక్టరీల చట్టంలో 21వ సెక్షన్ యంత్రాలకు కంచె గురించి, 22వ సెక్షన్ తిరుగుతున్న యంత్రాల దగ్గర పని గురించి. తిరిగే యంత్రాన్ని ఆడవాళ్ల చేత, చిన్నవాళ్ల చేత తుడిపించకూడదని అందులో చదివినప్పుడల్లా నాకు మ్యూల్ కింద దూరే పిల్లలే గుర్తొస్తారు.

ఇదంతా పాత కథేనా?

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గరి సావర్‌లో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందు రోజు గోడల్లో బీటలు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకు తన ఉద్యోగులను రావద్దంది. పై అంతస్తుల్లోని బట్టల ఫ్యాక్టరీల పనివాళ్లను మాత్రం మర్నాడు పనిలోకి పిలిచారు.

అలాంటి మిల్లులను ఇప్పుడు చూడవచ్చా?

చూడవచ్చు. అక్కడ చదువుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు లండన్ వంతెనతో సరిపెట్టుకోకుండా ఉత్తరం వైపు వెళ్తే బాగుంటుంది. డిథరింగ్టన్ మిల్లును బాగుచేసి 2022లో సందర్శకులకు తెరిచారు. బేజ్ నిలబెట్టిన సన్నటి ఇనుప స్తంభాలు వరసగా కనిపిస్తాయి. మాంచెస్టర్ దగ్గర స్టైల్‌లోని క్వారీ బ్యాంక్ మిల్లులో యంత్రాలను నడిపి చూపిస్తారు. నాకైతే బర్న్‌లీలోని క్వీన్ స్ట్రీట్ మిల్లు ముందు చెబుతాను. ఆవిరితో నడిచిన నేత మిల్లుల్లో యంత్రాలతో సహా మిగిలింది అదొక్కటే అంటారు. మగ్గాలు నడిపే రోజేదో కనుక్కుని వెళ్లండి. మొత్తం మగ్గాల్లో కొన్నిటినే నడుపుతారు. అయినా మీ పక్కనున్న మనిషి ఏమంటున్నారో తెలియాలంటే పెదవులే చూడాల్సి వస్తుంది.